సుగ్గికి (కూలి పనుల కోసం వలస) పోయే ఇళ్ల పిల్లల గురించి కొత్త టీచరమ్మకు

అమ్మాయీ,

ఆదోని దగ్గర పల్లెలో పోస్టింగ్ వచ్చిందని చెప్పినప్పుడు చాలా సంతోషపడ్డాను. మొన్నటి మెసేజ్ మాత్రం నచ్చలేదు. "ఇక్కడి తల్లిదండ్రులకు చదువంటే పట్టింపు లేదు పెదనాన్నా, ఇంట్లో ఆ వాతావరణమే లేదు" అని రాశావు. రిటైరయ్యేదాకా స్టాఫ్‌రూముల్లో వింటూనే ఉన్నాను ఈ మాట. పూర్తిగా అబద్ధమని అనను. కానీ దాన్ని నమ్మేసిన టీచరుకు ఇక చేయడానికి పనేమీ మిగలదు.

నీ సంగతే చూడు. బడిలో చేరకముందే మీ నాన్న ఒళ్లో కూర్చుని పేపరు హెడ్డింగులు కూడబలుక్కునేదానివి. హోంవర్కు రాకపోతే మీ అమ్మ చెప్పేది, ఆమెకూ రాకపోతే ట్యూషన్. మార్కులు తగ్గితే మీ నాన్న హెడ్మాస్టరు ఎదుట కుర్చీలో కూర్చుని మాట్లాడి వచ్చేవాడు. అదంతా నీ తెలివి ఖాతాలోనే పడింది. నీ క్లాసులో పిల్లకు ఇవేవీ లేవు. లోపలికొస్తే ఎవరేమంటారోనని వాళ్లమ్మ గేటు దగ్గరే ఆగిపోతుంది. నీకది పట్టింపు లేకపోవడంలా కనిపిస్తోంది.

అందుకని ముందు హోంవర్కు సంగతి తేల్చు. ఇంట్లో చదువుకున్న మనిషి, ఖాళీ సాయంత్రం, కూర్చునే చోటు ఉంటాయనుకుని ఇచ్చే పని అది. రాయాల్సింది చివరి పీరియడ్‌లో నీ ముందే రాయించు. ఇంటికి పంపితే అమ్మకు చదివి వినిపించే నాలుగు వాక్యాలు పంపు. అక్షరం రాని తల్లికి కూడా పిల్ల తడబడుతోందో లేదో తెలుస్తుంది.

1966లో అమెరికాలో జేమ్స్ కోల్‌మన్ పెద్ద సర్వే చేసి, పిల్లల మార్కుల్లో తేడాలకు బడి వసతుల కంటే ఇంటి నేపథ్యమే ఎక్కువ కారణమని తేల్చాడని టీచరు ట్రైనింగ్‌లో నీకు చెప్పే ఉంటారు. 1983లో హేనమన్, లాక్స్‌లీ అనే పరిశోధకులు 29 దేశాల లెక్కలు తీశారు. పేద దేశాల్లో ఇంటి ప్రభావం తగ్గి, బడి, టీచరు ప్రభావం ఎక్కువగా కనిపించింది. దానిమీద తర్వాత వాదనలు నడిచాయి, నడవనీ. నా అనుభవం మాత్రం హేనమన్, లాక్స్‌లీల వైపే. రంగారెడ్డి జిల్లాలో శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ వాళ్లు పనుల్లో ఉన్న పిల్లల్ని శిబిరాల్లో చదివించి, ఈడుకు తగ్గ తరగతుల్లో కూర్చోబెట్టారు. తల్లిదండ్రులు పంపరన్న మాట అక్కడ నిలవలేదు.

ఇక నీకు అసలు పరీక్ష సుగ్గి. దీపావళి దాటితే పత్తికి, ఆ తర్వాత మిరపకాయ కోతలకు కుటుంబాలు గుంటూరు వైపు కదులుతాయి. చాలామంది మళ్లీ ఊరు చూసేది ఉగాదికే. కొందరు పిల్లలు వెంట పోతారు, కొందరు జేజి (అవ్వ) దగ్గర ఆగుతారు. సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు గానీ, పేర్లు ముందే రాసి ఎంఈవో గారికి ఇవ్వకపోతే అవి తెరిచేలోపు సగం ఊరు ఖాళీ. బండి ఎప్పుడు కదిలేదీ కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీకి తెలుస్తుంది, అతన్ని అడుగు. పిల్లను ఆపమని తల్లికి చెప్పేముందు, రాత్రిపూట ఎవరు చూసుకుంటారో, జ్వరమొస్తే ఎవరు తీసుకెళ్తారో చెప్పు. ఆమె భయం అదే. ముఖ్యంగా ఆడపిల్లలైతే.

వెంట పోయిన పిల్ల తిరిగొస్తే "ఇన్నాళ్లు ఎక్కడికి పోయావు" అని నలుగురిలో నిలదీయకు. కిలో పత్తికి కూలి ఎంత, అమ్మ రోజుకు ఎన్ని కిలోలు తీసింది, వారానికెంత వచ్చింది అని అడుగు. నోటితో టకటకా చెప్పేస్తుంది. అదే బోర్డు మీద రాయించు, గుణకారం అక్కడి నుంచి మొదలుపెట్టు.

ప్రశ్న అడిగితే తల దించుకునే వాళ్లను మొద్దులనుకోకు. పెద్దవాళ్ల ముందు నోరెత్తొద్దని ఇంట్లో నేర్పిన మర్యాద అది. ముందు పక్కవాడితో మాట్లాడుకోనివ్వు, తర్వాత నీకు చెప్తారు. కొన్ని ఇళ్లలో కన్నడం కూడా నడుస్తుంది. నీ గుంటూరు తెలుగు వాళ్లకూ కొత్తే.

చంకలో తమ్ముణ్ణి వేసుకుని వచ్చే పిల్లను వెనక్కి పంపకు. అంగన్‌వాడీ టీచరుతో మాట్లాడు.

పేరెంట్స్ మీటింగ్ పగలు పెడితే వాళ్లకు ఒకరోజు కూలి పోతుంది. పొద్దు గూకినాక నువ్వే వీధిలోకి వెళ్లు. మొదటిసారి ఫిర్యాదు తీసుకెళ్లకు, పిల్ల రాసిన కాగితం తీసుకెళ్లి చూపించు.

అప్పులు, వానలు నీ చేతిలో లేవు. వాటి గురించి టెన్షన్ పడి నిద్ర పాడుచేసుకోకు. పది మందిలో ఇద్దరు సుగ్గికి పోకుండా ఆగినా ఈ ఏడాదికి అది మంచి పనే.

ఆదివారం ఫోన్ చెయ్యి. ఈలోగా ఎవరెవరి ఇళ్లు కదిలేలా ఉన్నాయో పేర్లు రాసిపెట్టుకో, కలిసి చూద్దాం.

ఆశీస్సులతో,
పెదనాన్న