ఈగ లెక్క వినేముందు

బిడ్డా,

దేవరకొండ దగ్గరి మన చెల్కలో చచ్చిన మేకను పెట్టి, నెలరోజులు పురుగుల లెక్క రాసి, వాటిని బట్టి చచ్చి ఎంతకాలమైందో తేల్చడం నేర్చుకుంటానన్నావు. మీ అమ్మ ముక్కు మూసుకుంది గానీ నాకైతే సంతోషం.

మేక ఎప్పుడు చచ్చిందో నీకు గంటతో సహా తెలిసి ఉండాలి. ఉన్నట్టుండి చచ్చి, ముక్కులోంచి నల్లటి రక్తం కారినదాన్ని మాత్రం ఎవరిచ్చినా ముట్టొద్దు. అది దొమ్మరోగం కావచ్చు, మనిషికీ అంటుతుంది.

కుక్కలు లాక్కుపోకుండా పైన ఇనుప జాలీ పెట్టు. పక్కనే నీడలో థర్మామీటర్ వేలాడదీయి. వేడి ఎంతుంటే పురుగు అంత తొందరగా పెరుగుతుంది. మే నెలలో నాలుగు రోజులకు పెరిగేంత జనవరిలో పెరగదు. మేకను పొద్దున్నే పెట్టు. పచ్చగా మెరిసే ఈగలు చీకట్లో మామూలుగా గుడ్లు పెట్టవు. వెలుతురొచ్చాక కంటి మూలల్లో, ముక్కులో, గాయంలో బియ్యపు నూకల్లా కుప్పలు కనిపిస్తాయి. మన ఎండకు రోజు తిరక్కముందే పగులుతాయి. గుడ్లను చీమలు మోసుకుపోతుంటే అదీ రాసుకో.

పురుగుల్లో పెద్దవి తప్పకుండా ఏరు, గడియారం వాటి దగ్గరే ఉంటుంది. సగాన్ని వేడినీళ్లలో ముంచి ఆల్కహాల్ సీసాలో వెయ్యి. నేరుగా వేస్తే ముడుచుకుని నల్లబడతాయి. మిగతా సగాన్ని కార్జం ముక్క పెట్టి పెంచు, ఈగలయ్యాక జాతి తేలుతుంది. చీటీ పెన్సిల్‌తో రాసి సీసాలోపలే వెయ్యి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. భూతద్దంతో పురుగు వెనకవైపు చూడు. ఊపిరి రంధ్రాల్లో రెండేసి చీలికలుంటే ఎదుగుదలలో రెండో దశ, మూడేసి ఉంటే మూడోది. ఒళ్లంతా ముళ్లలాంటి బుడిపెలున్న పురుగు కనిపిస్తే జాగ్రత్త, అది తోటి పురుగులనే తింటుంది, నీ లెక్క తారుమారవుతుంది.

తిని బలిసినవి మేకను వదిలి పాకిపోతాయి. అందుకే చుట్టూ కాస్త దూరం దాకా మట్టి గీకి చూడు. పురుగు ఈగయ్యేముందు లోపల ఉండే, వడ్లగింజంత గోధుమరంగు గూళ్లు దొరుకుతాయి. అవి చూడకపోతే పది రోజులదాన్ని నాలుగు రోజులదంటావు. చివర్న తోలు ఎండాక డెర్మెస్టిస్ పెంకుపురుగులొస్తాయి, వాటికి తొందరేం లేదు.

నా తప్పొకటి చెప్తా. కొలువులో చేరిన కొత్తలో ఒక గొర్రె మీద తగాదా వచ్చింది. పురుగుల సైజు చూసి, చచ్చి నాలుగు రోజులైందని రాసిచ్చేశాను. కాపరి నవ్వి, "బతికున్నప్పుడే కాలి పుండుకు పురుగు పట్టింది సారూ, నేనే టర్పెంటైన్ పోసిన. నిన్న పొద్దున దాకా మేసింది" అన్నాడు. పుండు చుట్టూ ఆ నూనె వాసన ఇంకా వస్తూనే ఉంది, నేనే వంగి చూడలేదు. కాగితం చింపి మళ్లీ రాశాను.

అందుకే నీ నోట్‌బుక్‌లో పురుగు లెక్కకు "ఎప్పుడు చచ్చింది" అని గడి గీయకు. "మొదటి గుడ్డు పడి ఎంతసేపు" అని గీయి, పక్కన పాత పుండ్లకు ఇంకో గడి పెట్టు. పక్క చెల్కవాళ్లకు ముందే చెప్పాను, వాసనకు కొట్లాటకు రారు. ఆదివారం వస్తే జాలీ ఇద్దరం కడదాం.

మీ పెదనాయన