క్యాన్సర్ మందని భయపడి సంతకం ఆపకండి

మీ అమ్మగారి నీటికాసుల (గ్లాకోమా, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు దెబ్బతినే జబ్బు) ఆపరేషన్‌లో మైటోమైసిన్ వాడతామన్నారనీ, అది క్యాన్సర్ మందని తెలిసి సంతకం చేయడానికి వెనకాడుతున్నాననీ రాశారు. అదే కాగితం ముందు మా నాన్న కూడా ఆగిపోయారు. పెరంబూరులో ఇంటికి చేరాక నన్ను పక్కకు పిలిచి, ‘నాకు క్యాన్సర్ వస్తే దాస్తున్నారా?’ అని అడిగారు. జుట్టు రాలుతుందేమోనని కూడా బెంగ. రాలడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు లెండి.

అంతకు మూడేళ్ల ముందు ఆయన కుడికంటికి ఇదే ఆపరేషన్ ఆ మందు లేకుండా జరిగింది. కంటి ఒత్తిడి 30 నుంచి 14కు దిగితే సంబరపడ్డాం. ఆరు నెలలు తిరగకుండానే మళ్లీ 26. కారణం వింటే విచిత్రంగా ఉంటుంది: గాయం మరీ చక్కగా మానిపోయింది! ఈ ఆపరేషన్‌లో కంటి తెల్లగుడ్డులో చిన్న తలుపులాంటిది తెరిచి, లోపలి నీరు పైపొర కిందికి ఊరేలా దారి చేస్తారు. అక్కడ లేచే బుడగను బ్లెబ్ అంటారు, పైరెప్ప చాటున ఉంటుంది. శరీరానికి అదంతా గాయమే కాబట్టి మచ్చకట్టి దారి పూడ్చేస్తుంది.

ఎడమకంటికి మైటోమైసిన్‌లో తడిపిన స్పాంజి ముక్కలను పైపొర కింద రెండు నిమిషాలు ఉంచి, తీసేసి, సెలైన్‌తో బాగా కడిగారు. మచ్చకట్టే కణాలు పెరగకుండా ఆపడమే దాని పని. రక్తంలోకి ఎక్కించే క్యాన్సర్ చికిత్సతో దీనికి పోలిక లేదు. ఐదేళ్లుగా ఆ కంటి ఒత్తిడి 11, 12 దగ్గరే ఉంది. కుడికంట పోయిన చూపు మాత్రం పోయినట్టే.

జాగ్రత్త పడవలసింది ఆ తరువాతే. మొదటి వారాల్లో ఒత్తిడి మరీ పడిపోవచ్చు. నాన్నకు 5కు దిగి, అన్నీ తడి అద్దంలోంచి చూసినట్టు కనిపించాయి. పది రోజులకు సర్దుకుంది. ఈ మందు తగిలిన బ్లెబ్ పైపొర పలచగా ఉండిపోతుంది, ఏళ్ల తరువాత కూడా క్రిములు లోపలికి పోవచ్చు. మూడో ఏట ఒక ఆదివారం కన్ను ఎర్రబడి, పుసి కట్టింది. ‘ఎండ దెబ్బ’ అన్నారు నాన్న. వినకుండా ఆటో ఎక్కించాను. ఇన్‌ఫెక్షన్! ఆ సాయంత్రం నుంచే గంట గంటకూ యాంటీబయాటిక్ చుక్కలు వేశాం. చూపు దక్కింది.

అమ్మగారికి ఇంతకుముందు కంటి ఆపరేషన్ జరిగినా, ఏళ్ల తరబడి చుక్కలు వాడుతున్నా డాక్టరుకు చెప్పండి, అలాంటి కళ్లలో మచ్చ త్వరగా కడుతుంది. అర్ధరాత్రి కన్ను ఎర్రబడితే ఎవరికి ఫోను చేయాలో కూడా అడగండి. ఆ నంబరును మా నాన్న కళ్లజోడు డబ్బా మూత లోపల అంటించుకున్నారు.