కారు వణుకుతోందని ఐదేళ్ల అప్పు చేయాలా?

ప్రశ్న: మాది హనుమకొండ. నాకు 41 ఏళ్లు, ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. నెలకు చేతికి 58,000 వస్తుంది. ఇంటి లోన్ ఈఎంఐ 16,500. పాప తొమ్మిదో తరగతి. బ్యాంకులో అత్యవసరానికని 90,000 ఉంచాను. మా పెట్రోల్ కారు 2014 మేలో కొన్నది, 92,000 కిలోమీటర్లు తిరిగింది. మూడు నెలలుగా సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగ్, సీటు వణుకుతున్నాయి, ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఇంజన్ మౌంటింగులు పోయాయన్నారు. సర్వీస్ సెంటర్‌లో 14,800, బయట మెకానిక్ 6,500 చెప్పారు. మరోవైపు షోరూమ్‌లో పాత కారుకు 1.6 లక్షలు, ఎక్స్ఛేంజ్ బోనస్ 30,000 ఇస్తామంటున్నారు. కొత్త కారు ఆన్‌రోడ్ 8.9 లక్షలు. మిగతా 7 లక్షలు లోన్. పాత కారు మీద ఇంకా డబ్బు పోయడం దండగని ఇంట్లో అంటున్నారు. మౌంటింగులకు ఇన్సూరెన్స్ వస్తుందా? ఏం చేయమంటారు?

జవాబు: రిపేరు చేయించుకోండి. కొత్త కారు ఇప్పుడు వద్దు. మీ అంకెలు చూశాక నాకు ఇందులో సందేహం లేదు.

7 లక్షల లోన్ 9.5 శాతం వడ్డీకి ఐదేళ్లకు తీసుకుంటే ఈఎంఐ సుమారు 14,700 పడుతుంది. ఐదేళ్లలో వడ్డీయే దాదాపు 1.82 లక్షలు. ఇంటి లోన్‌తో కలిపితే నెలకు 31,200 కట్టాలి. అంటే జీతంలో సగానికి పైగా ఒకటో తారీఖునే వెళ్లిపోతుంది. మిగిలే 26,800లో ఇల్లు గడవాలి, కారుకు పెట్రోలు పోయాలి, కొత్త కారు ఇన్సూరెన్స్ కట్టాలి. రెండేళ్లలో పాప ఇంటర్‌కి వస్తుంది. కాలేజీ ఫీజు, అవసరమైతే హాస్టల్, కోచింగ్ ఖర్చులన్నీ సరిగ్గా ఈ ఈఎంఐల మధ్యలోనే వచ్చి పడతాయి. మీ దగ్గరున్న 90,000 ఇప్పటి ఖర్చులకే రెండు నెలలు సరిపోతుందో లేదో. నన్ను అన్నిటికంటే కలవరపెట్టింది ఆ అంకె.

ఇటువైపు చూస్తే బయటి మెకానిక్ అడిగిన 6,500 ఒక్క ఈఎంఐలో సగం కూడా కాదు. సర్వీస్ సెంటర్ అడిగిన 14,800 దాదాపు ఒక నెల ఈఎంఐకి సమానం.

ఇక అసలు జబ్బు సంగతి. మౌంటింగ్ అంటే ఇంజన్‌ను కారు బాడీకి పట్టి ఉంచే ఇనుము, రబ్బరు దిమ్మ. కొన్నిటి లోపల ద్రవం కూడా ఉంటుంది. మీలాంటి చిన్న కార్లకు సాధారణంగా మూడు, నాలుగు ఉంటాయి. ఇంజన్ అదురు మన దాకా రాకుండా ఆపేది ఆ రబ్బరే. పదేళ్ల వేడికి అది గట్టిపడుతుంది, పగులుతుంది, కుంగిపోతుంది. టైరు అరిగినట్టే ఇదీ అరిగిపోయే సామాను. ఇంజన్ పాడైందని దీని అర్థం కాదు. ఇంట్లో వాళ్లకు ఈ తేడా చెప్పండి, ఎందుకంటే వణుకు చూసి కారు పని అయిపోయిందనుకోవడం చాలా సహజం. ఆ భయంలోనే షోరూమ్‌లో సంతకం పడిపోతుంది.

అయితే డబ్బు ఇచ్చే ముందు వణుకు నిజంగా మౌంటింగులదేనా అని తేల్చుకోవాలి. స్పార్క్ ప్లగ్ అరిగినా, ఇగ్నిషన్ కాయిల్ బలహీనపడినా, ఇంజన్‌లోకి గాలి వెళ్లే థ్రాటిల్ బాడీలో మసి పట్టినా ఆగి ఉన్నప్పుడు కారు ఇలాగే వణుకుతుంది. ఇవి తక్కువ ఖర్చుతో పోయేవి కాబట్టి ముందు వీటిని చూడమనండి. తర్వాత బానెట్ ఎత్తి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ గట్టిగా తొక్కి పట్టి, మొదటి గేర్‌లో ఒకసారి, రివర్స్‌లో ఒకసారి క్లచ్ కొద్దిగా వదిలి చూడాలి. ఈ పని మెకానిక్‌తోనే చేయించండి. కారు ముందు గానీ వెనుక గానీ ఎవరూ నిలబడకూడదు, మీరు పక్కన నిలబడి చూడండి. ఇంజన్ ఎగిరి ఒక పక్కకు ఒరిగితే మౌంటింగులే. వణుకు 80, 90 స్పీడులో మాత్రమే వస్తుంటే అది వేరే కథ, ముందు వీల్ బ్యాలెన్సింగ్ చూడాలి. మీరు చెప్పిన లక్షణాలు మౌంటింగుల వైపే చూపిస్తున్నాయి.

రెండు ధరల్లో ఏది? నేనైతే బయటి మెకానిక్‌నే ఎంచుకుంటాను, కానీ ఒక షరతు మీద. 6,500లో ఏ కంపెనీ సామాను వేస్తున్నాడో, ఎన్ని మౌంటింగులు మారుస్తున్నాడో బిల్లు మీద రాయించుకోవాలి. చవక డూప్లికేట్లలో రబ్బరు గట్టిగా ఉంటే కొత్తవి వేసినా వణుకు పోదు, కూలి రెండోసారి ఇవ్వాలి. అసలు సామాను మీరే కొని ఇచ్చి, కూలి మాత్రం విడిగా మాట్లాడుకుంటే ఇంకా మంచిది. అన్నీ ఒకే వయసువి కాబట్టి ఒక్కటి మార్చి ఊరుకోవద్దు, కొత్తదాని పక్కన కుంగినవి ఉంటే భారం సరిగ్గా పడదు. ఆయిల్ కారి మౌంటింగ్ మీద పడుతోందేమో కూడా చూడమనండి. లీకు ఆపకుండా కొత్త రబ్బరు వేస్తే అదీ నానిపోతుంది. పాత సామాను అడిగి చూడండి, పగుళ్లు కంటికి కనిపిస్తాయి.

వాయిదా మాత్రం వేయకండి. ఇంజన్ అలా ఊగుతూ ఉంటే సైలెన్సర్ పైపు జాయింట్లు, హోస్‌లు, వైర్ల మీద లాగుడు పడుతుంది. ఇవాళ్టి 6,500 బిల్లు అప్పుడు పెరుగుతుంది.

ఇన్సూరెన్స్ రాదు. వాడకం వల్ల అరిగినదానికి ఏ మోటార్ పాలసీ కిందా క్లెయిమ్ ఉండదు, జీరో డెప్రిసియేషన్ (క్లెయిమ్‌లో సామాను తరుగు కోయని అదనపు కవర్) ఉన్నా అంతే. గుంతలో పడిందని రాసి క్లెయిమ్ చేద్దామని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి. అది అబద్ధపు క్లెయిమ్. పైగా ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే వచ్చే 50 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత కారు డ్యామేజీ ప్రీమియంలో తగ్గింపు, పోతుంది. ఆ బోనస్ కారుది కాదు, మీది. రేపు ఈ కారు అమ్మినా లెటర్ తీసుకుని కొత్త కారు పాలసీకి వాడుకోవచ్చు.

"జీఎస్టీ తగ్గింది, ఈ నెలాఖరులోగా కొనండి" అని షోరూమ్‌లో చెప్పే ఉంటారు. చిన్న కార్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి తగ్గిన మాట నిజం. కానీ అది పన్ను రేటు, పండగ ఆఫర్ కాదు. నెలాఖరుకు మాయమైపోదు. ఇంకో విషయం. ఇన్సూరెన్స్ కంపెనీలు కారు విలువ కట్టే పట్టిక ప్రకారం నాలుగేళ్లు దాటిన కారుకు సగం విలువ తరుగు కింద పోతుంది. మీ చివరి ఈఎంఐ కట్టే రోజుకు కారు అక్కడికి చేరుతుంది.

మీ కారు రిజిస్ట్రేషన్ 2029 మే దాకా ఉంటుంది. 15 ఏళ్లు దాటితే తుక్కేనన్న భయం చాలామందిలో ఉంది. అలాంటి కట్టడి ఢిల్లీ ప్రాంతంలో పెట్టింది. మన దగ్గర ఫిట్‌నెస్ పాసై, ఫీజులు కడితే ఐదేళ్లకు రెన్యువల్ చేస్తారు. అయినా మీకు 2029ని గడువుగా పెట్టుకోమంటాను.

ఈఎంఐగా కట్టడానికి సిద్ధపడ్డ 14,700ను మీకే కట్టుకోండి. మొదటి ఆరు నెలలు మొత్తం అత్యవసర నిధికే వేయండి, 90,000 కాస్తా 1.78 లక్షలు అవుతుంది. ఆ తర్వాత నెలకు 10,000 రికరింగ్ డిపాజిట్‌లో, 2,500 కారు ఖర్చులకు విడి ఖాతాలో, మిగతా 2,200 పాప ఫీజుకు. 6.5 శాతం వడ్డీ వస్తే ఆ డిపాజిట్ మూడేళ్లలో దాదాపు 4 లక్షలు. పాత కారుకు లక్ష వచ్చినా కొత్త కారుకు లోన్ 7 లక్షల బదులు 4 లక్షల లోపే సరిపోవచ్చు. కారు ఖాతాలోని 2,500 తేలిగ్గా తీసుకోకండి. టైర్లు, బ్యాటరీ, క్లచ్ వరసలో ఉన్నాయి. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ఆరేళ్లు దాటి ఉంటే గాడి బాగున్నా మార్చడమే మేలు.

నా జవాబు మారే సందర్భాలు లేకపోలేదు. మెకానిక్ ఇంజన్ ఆయిల్ తాగుతోందని, పొగ వస్తోందని, అడుగున ఛాసిస్ తుప్పు పట్టిందని చెబితే లెక్క వేరు. ఇంకొకటి భద్రత. 2014 నాటి కింది వేరియంట్లలో ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) లేనివి చాలా ఉన్నాయి. ఏబీఎస్ అన్ని కొత్త కార్లకూ 2019 ఏప్రిల్ నుంచే తప్పనిసరి అయింది. మీరు కాలేజీకి ఊళ్లోనే తిరుగుతుంటే పైన చెప్పినట్టే చేయండి. రోజూ కరీంనగర్ వైపో, హైదరాబాద్ వైపో హైవే మీద వెళ్లేవారై, మీ కారులో ఆ రెండూ లేకపోతే మాత్రం మళ్లీ రాయండి. అప్పుడు 2029 దాకా ఆగమనను, మూడు నాలుగేళ్ల సెకండ్ హ్యాండ్ కారుకు బడ్జెట్ వేసి ఇస్తాను.