అమెరికాలో క్రికెట్ పెరుగుతోందని ఆ కోర్సులో చేరొచ్చా?

ప్రశ్న: మావాడు సీఎస్‌ఈలో బీటెక్ పూర్తిచేశాడు. అమెరికాలో క్రికెట్ ఊపందుకుంటోంది, అక్కడ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్‌లో ఎంఎస్ చేస్తానంటున్నాడు. డాలస్‌లో ఉంటున్న మా బావమరిది కూడా సై అంటున్నాడు. పంపించమంటారా?
- ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: డాలస్‌లో ఉన్నవారికి అలా అనిపించడం సహజమేనండీ. ఆ పక్కనే గ్రాండ్ ప్రెయిరీలో ఒకప్పటి బేస్‌బాల్ స్టేడియాన్నే క్రికెట్‌కు మార్చారు. 2024 టీ20 ప్రపంచకప్‌లో పాకిస్థాన్‌ను అమెరికా సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లోనూ క్రికెట్ ఉంది. కానీ అక్కడి టీ20 లీగ్ అయిన మేజర్ లీగ్ క్రికెట్‌లో ఉన్నవి ఆరు జట్లు, ఆడేది వేసవిలో కొన్ని వారాలు. ఏడాది పొడవునా జీతమిచ్చే కొలువులు అందులో ఎన్ని ఉంటాయి చెప్పండి?

పైగా అక్కడి జనం ఇష్టాలు మారుతూనే ఉంటాయి. చూడటానికి ఇష్టమైన ఆట ఏదని అడిగిన గ్యాలప్ సర్వేలో 1948లో 39 శాతం మంది బేస్‌బాల్‌కే ఓటేశారు. 1972కల్లా అమెరికన్ ఫుట్‌బాల్ దాన్ని దాటేసింది. 2023 చివర్లో అడిగితే ఫుట్‌బాల్‌కు 41, బేస్‌బాల్‌కు 10 శాతం. 2024లో కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఫైనల్‌ను టీవీలో అబ్బాయిల ఫైనల్ కంటే ఎక్కువమంది చూశారు. కొన్నేళ్ల ముందు ఈ మాటంటే నవ్వేవాళ్లు.

అయితే బేస్‌బాల్ పని అయిపోయిందనుకోకండి. ఉద్యోగం వెతుక్కునేవాడు చూడాల్సిన లెక్క వేరు. సీజన్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు ఆడేది 17 మ్యాచ్‌లు, మేజర్ లీగ్ బేస్‌బాల్ జట్టు ఆడేది 162. అలాంటివి 30 జట్లు, వాటికి అనుబంధంగా 120 మైనర్ లీగ్ (కింది స్థాయి) జట్లు. టికెట్ల అమ్మకం దగ్గర్నుంచి ప్రతి బంతి వేగాన్నీ విశ్లేషించేదాకా అన్నిటికీ మనుషులు కావాలి. ఆట సాగదీతగా ఉందని జనం విసుక్కుంటుంటే 2023లో పిచర్‌కు, అంటే బంతి విసిరేవాడికి, గడియారం పెట్టారు. బేస్‌ల (పరుగు తీసేవాళ్లు ఆగే చోట్ల) మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లలో బంతి వేయడం మొదలుపెట్టాల్సిందే. ముందు మైనర్ లీగుల్లో పరీక్షించాకే దీన్ని పైకి తెచ్చారు. ఆట సగటున 24 నిమిషాలు తగ్గింది. కోడింగ్ వచ్చిన మీవాడికి చోటుండేది ఇలాంటి లెక్కల దగ్గరే.

అందుకని నా ఓటు స్పోర్ట్స్ అనలిటిక్స్‌కి, లేదంటే మామూలు డేటా సైన్స్‌కి. ఆట మారినా ఆ చదువు పనికొస్తుంది. ఇంకొకటి, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సులు చాలావరకు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) కిందికి రావు. ఇప్పటి నిబంధనల ప్రకారం అలాంటివాటికి ఓపీటీ, అంటే చదువుకు సంబంధించిన ఉద్యోగం అక్కడ చేసుకునే అనుమతి, ఏడాదే, స్టెమ్ అయితే మరో 24 నెలల పొడిగింపుకు వీలుంది. ఎడ్యుకేషన్ లోన్ పత్రాల మీద సంతకం పెట్టేముందు ఆ కోర్సు సీఐపీ కోడ్ (కోర్సు ఏ విభాగంలోకి వస్తుందో చెప్పే నంబరు) ఏమిటో యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగమనండి.