ఆ ఫారంలో ఏ గడి నొక్కాలంటే

చిరంజీవికి పెద్దమ్మ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అనువాదాల ఏజెన్సీ వాళ్లు నిన్ను తీసుకున్నందుకు చాలా సంతోషం. పరీక్ష అనువాదం ఐదుసార్లు దిద్దుకున్నావట, మాటకి అర సెంటు పెంచమని మూడు రోజులు బేరమాడావట. తీరా వాళ్ల ఫారంలో 'డబ్బు ఎలా పంపమంటారు?' అన్న చోటికి వచ్చేసరికి, వైరు (అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపడం), పేపాల్, పేయోనీర్ అన్న మూడింట్లో ఏదో ఒకటి నొక్కేస్తే పోలా అనుకున్నావు. నొక్కేముందు నన్నడిగావు, మంచిపని చేశావు. బేరంలో గెలిచిన ఆ అర సెంటు పోయేది సరిగ్గా ఆ గడి దగ్గరే.

నేనెలా పోగొట్టుకున్నానో చెప్తాను విను. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక చిన్న ఏజెన్సీకి 200 డాలర్ల బిల్లు వేశాను. వాళ్లు గడువుకి ముందే 200 పంపించి, బ్యాంకు రసీదు కూడా మెయిల్లో పెట్టారు. నా ఖాతాలో పడింది చూసుకుంటే 165 డాలర్ల విలువ కూడా లేదు. పట్టరాని కోపంతో వాళ్లకి పెద్ద మెయిల్ రాశాను. పాపం, వాళ్ల తప్పేమీ లేదు. దారిలో నేను పేరైనా వినని బ్యాంకు ఒకటి 20 డాలర్లు కోసుకుంది. బయటి దేశం నుంచి వచ్చిన సొమ్ము జమ చేసినందుకు నా బ్యాంకు 10 పట్టుకుంది. మిగిలిన 170ని మా దేశపు డబ్బులోకి మార్చేటప్పుడు ఆ రోజు అసలు రేటుకన్నా మూడు శాతం తగ్గించి కట్టింది. మొదటి రెండు కోతలూ కాగితం మీద కనపడ్డాయి. మూడోది ఎక్కడా కనపడలేదు, నేనే కూర్చుని లెక్కవేసుకుంటే బయటపడింది. ఆ ఏజెన్సీకి క్షమాపణ చెప్తూ ఇంకో మెయిల్ రాయాల్సి వచ్చింది, అది వేరే సంగతి.

ఎందుకిలా జరుగుతుందో తెలిస్తే నీకు ఫారం సగం అర్థమైనట్టే. వైర్ ట్రాన్స్‌ఫర్ అనగానే స్విఫ్ట్ అంటారు కదా, అది డబ్బు మోసుకొచ్చే బండి కాదు. 1973లో బెల్జియంలో బ్యాంకులు కలిసి పెట్టుకున్న సంస్థ అది. 'ఫలానా ఖాతాలో ఇంత జమ చేయి' అని ఒక బ్యాంకు ఇంకో బ్యాంకుకి రాసే ఉత్తరాలని భద్రంగా చేరవేస్తుంది, అంతే. ఇవాళ 200కు పైగా దేశాల్లో 11,000కు పైగా సంస్థలు దాన్ని వాడుతున్నాయి. అన్ని బ్యాంకులకీ ఒకదాంట్లో ఒకదానికి ఖాతాలుండవుగా. నీ క్లయింటు బ్యాంకుకీ నీ బ్యాంకుకీ నేరుగా సంబంధం లేకపోతే, ఇద్దరికీ తెలిసిన మధ్య బ్యాంకు చేతి మీదుగా డబ్బు వస్తుంది. ఆ చేతికి కొంత అంటుకుంటుంది. ఒక్కోసారి అలాంటి చేతులు రెండుంటాయి.

ఆ ఛార్జీలు ఎవరు భరించాలన్నదానికి పంపేవాళ్ల ఫారంలో మూడు రకాలుంటాయి. 'అవర్' అంటే మొత్తం పంపేవాళ్లదే. 'బెన్' అంటే మొత్తం అందుకునేవాళ్లదే, అంటే నీదే. 'షేర్డ్' అంటే వాళ్ల బ్యాంకు ఛార్జీ వాళ్లది, ఆ తర్వాత పడేవన్నీ నీవి. ఎవరూ ఏమీ అనకపోతే సాధారణంగా జరిగేది ఈ మూడోదే. నా 200 కరిగింది అలాగే. 'అవర్' రాయించుకున్నా నీ సొంత బ్యాంకు తన జమ ఛార్జీ తీసుకోవచ్చు కాబట్టి దాని సంగతి ముందే నీ బ్యాంకులో కనుక్కో. డబ్బు తగ్గి వచ్చినా, అసలు రాకపోయినా క్లయింటుని స్విఫ్ట్ కాపీ, అంటే వాళ్ల బ్యాంకు పంపిన ఆ ఉత్తరం నకలు, అడుగు. ఎప్పుడు పంపారో, ఎంత పంపారో, ఛార్జీలు ఎవరి మీద వేశారో అందులో ఉంటుంది. అది చూడకుండా నాలాగా కోప్పడకు.

ఇక వాలెట్లు, అంటే పేపాల్ లాంటి ఆన్‌లైన్ డబ్బు ఖాతాలు. వీటితో పేచీ ఏమిటంటే కోత శాతాల్లో ఉంటుంది. బ్యాంకు వైరు కోత దాదాపు స్థిరం, బిల్లు 100 డాలర్లదైనా 3,000 డాలర్లదైనా పెద్ద తేడా ఉండదు. ఊరికే లెక్క కోసం, వైరులో 25 డాలర్లు పోతాయనుకో, వాలెట్లో నాలుగు శాతం పోతుందనుకో, మార్పిడి రేటు రెండుచోట్లా ఒకటే అనుకో. 100 డాలర్ల బిల్లుకి వాలెట్లో పోయేది 4, వైరులో 25. అదే 2,000 బిల్లయితే వాలెట్లో 80, వైరులో అదే 25. 625 దగ్గర రెండూ సమానం. నీకు వర్తించే అసలు ఛార్జీలు పెట్టి ఈ లెక్క ఒక్కసారి వేసుకుని గోడకి అంటించుకో. ఏ దారి మంచిదని నన్నడిగేవాళ్లందరికీ నేను తిరిగి వేసే ప్రశ్న ఇదే: నీ బిల్లు ఎంత ఉంటుంది? చిన్న చిన్న పనులు చేసేవాడికి వైరు దండగ. నెలకోసారి పెద్ద బిల్లు వేసేవాడికి వాలెట్టు దండగ.

దీంతో పాటు ఇంకో ఉపాయముంది. ఏజెన్సీ ఒప్పుకుంటే చిన్న పనులన్నీ కలిపి నెలాఖరున ఒకే బిల్లు వెయ్యి. ఎనిమిది వైర్లకి బదులు ఒకటే వైరు, ఎనిమిది కోతలకి బదులు ఒకటే కోత. వాళ్ల లెక్కల మనిషికి కూడా అదే హాయి.

పేపాల్ విషయంలో ఒకటి గుర్తుంచుకో. పంపినవాళ్లు చెల్లించిన రోజు నుంచి 180 రోజుల దాకా వివాదం లేవదీయొచ్చు. అంటే ఖాతాలో కనిపిస్తున్న డబ్బు ఆరు నెలలపాటు పూర్తిగా నీది కాదన్నమాట. వస్తువైతే కొరియర్ రసీదు చూపిస్తాం, అనువాదం అందిందని ఏం చూపిస్తాం? అందుకే ఆర్డరు ఇచ్చిన మెయిలు, ఫైలు పంపిన మెయిలు, 'అందింది, బాగుంది' అన్న జవాబు, మూడూ ఒకే ఫోల్డరులో దాచు. ఆ చివరి జవాబు రాకపోతే అడిగి రాయించుకో. ఇంకో సంగతి. కొందరు క్లయింట్లు ఛార్జీ పడకుండా 'స్నేహితులు, బంధువులు' పద్ధతిలో పంపుతామంటారు. వద్దను. అది వ్యాపారానికి పెట్టింది కాదు, నిబంధనలు మీరితే ఖాతాకే చేటు.

వైజ్, పేయోనీర్ లాంటి డబ్బు పంపే కంపెనీలది ఇంకో దారి. వైజ్ 2011లో ట్రాన్స్‌ఫర్‌వైజ్ అన్న పేరుతో లండన్లో మొదలైంది, పేయోనీర్ 2005 నుంచీ ఉంది. వీటిలో నాకు నచ్చేదేమిటంటే క్లయింటు దేశంలోనే నీ పేరిట ఖాతా వివరాలు దొరుకుతాయి. అమెరికా క్లయింటుకి అమెరికా రూటింగ్ నంబరు (అక్కడి బ్యాంకుని గుర్తుపట్టే నంబరు) ఇస్తావు, యూరప్ క్లయింటుకి ఐబాన్ (అక్కడ వాడే ఖాతా నంబరు) ఇస్తావు. వాళ్లు పక్కవీధి వాళ్లకి పంపినట్టు లోపలి దారినే పంపుతారు, మధ్య బ్యాంకు చెయ్యి పడదు. యూరోల్లో అయితే సెపా అన్న ఏర్పాటు 2008 నుంచి ఉంది. అందులోని తక్షణ చెల్లింపు పది సెకన్లలో చేరుతుంది, ఆదివారమైనా సరే. మార్పిడి విషయంలో వైజ్ అసలు మధ్య రేటు, అంటే కొనే రేటుకీ అమ్మే రేటుకీ నడుమ ఉండేది, చూపించి తన ఛార్జీని విడిగా చెప్తుంది. కోత ఎంతైనా ఉండనీ, కళ్లముందు కనపడే కోత నాకిష్టం. కానీ ఈ సదుపాయాలు అన్ని దేశాల వాళ్లకీ ఒకేలా ఉండవు. నీ దేశానికి ఏవి ఇస్తారో, బయటి దేశపు డబ్బు అలా నిలవ ఉంచుకోవడానికి మీ నిబంధనలు ఒప్పుకుంటాయో లేదో ముందు చూసుకో. ఏది వాడినా రేటు పెరుగుతుందని డబ్బుని అందులో కూర్చోబెట్టకు. వాలెట్టు బ్యాంకు కాదు. పైగా రేటు ఎప్పుడు పెరుగుతుందో తెలిస్తే మనకి ఈ అనువాదాలెందుకు?

ఇప్పుడు కరెన్సీ. బిల్లు డాలర్లలో వేస్తేనే గొప్ప అని చాలామందికి భ్రమ, నాకూ ఉండేది. ఒక యూరప్ ఏజెన్సీకి రెండేళ్లు డాలర్లలోనే బిల్లులు వేశాను. వాళ్ల ఖాతాలో ఉన్నవి యూరోలు. వాళ్ల బ్యాంకు యూరోల్ని డాలర్లు చేసేది, నా బ్యాంకు డాలర్లని మా డబ్బు చేసేది. రెండుసార్లు మార్పిడి, రెండుసార్లు కోత. మొదటి కోత వాళ్లదే కదా అని నేను పట్టించుకోలేదు. తీరా రేటు పెంచమని అడిగినప్పుడు వాళ్ల లెక్కల మనిషి 'మీరు మాకు ఇప్పటికే ఖరీదు పడుతున్నారు' అంది. ఆరా తీస్తే ఇదీ కారణం. యూరోల్లోకి మారాక, నాకు కాస్త పెంచినా వాళ్లకి బరువనిపించలేదు. కాబట్టి 'మీరు ఏ కరెన్సీ ఖాతాలోంచి చెల్లిస్తారు?' అని మొదటి మెయిల్లోనే అడుగు. మార్పిడి ఒక్కసారే జరగాలి, అదీ నీకు రేటు కనపడే చోట జరగాలి.

మోసాల గురించి కూడా రాయాలి, మన పనిలో తిరిగేవాళ్లకి ఇవి ఎదురు కాక తప్పదు. అన్నిటికన్నా పాతది చెక్కు మోసం. నాకూ వచ్చింది. ఎవరో పెద్ద పని ఇస్తామని, బేరం కూడా ఆడకుండా ఒప్పుకుని, చెక్కు పంపారు. చూస్తే నేను చెప్పినదానికి రెండింతలుంది. 'మా గుమాస్తా పొరపాటు, మిగిలింది ఈ ఖాతాకి పంపెయ్యండి' అన్నారు. బేరం ఆడకపోవడమే నాకు తేడాగా అనిపించింది, లేకపోతే పంపేసేదాన్నే. చెక్కు జమ అయినట్టు ఖాతాలో కనిపిస్తుంది. అది దొంగదని తేలడానికి వారాలు పట్టొచ్చు. అప్పుడు బ్యాంకు ఆ మొత్తం వెనక్కి లాక్కుంటుంది, నువ్వు పంపిన 'మిగిలింది' మాత్రం తిరిగి రాదు. ఎక్కువ పంపారంటే తిరిగి ఇవ్వకు. ఆ చెల్లింపు రద్దు చేసుకుని సరైన మొత్తం మళ్లీ పంపమను. రెండోది ఈ మధ్య ఎక్కువైంది. ఎవరో నీ మెయిల్లోకి దూరి, నీ బిల్లు మీది ఖాతా నంబరు మార్చి క్లయింటుకి పంపుతారు. అందుకని, 'నా ఖాతా మారిందని మెయిల్ వస్తే ఫోన్ చేసి నన్ను అడక్కుండా నమ్మొద్దు' అని ఏజెన్సీకి ముందే చెప్పి ఉంచు. క్లయింటు ఎలాంటివాడో తెలుసుకోవడానికి అనువాదకుల వెబ్‌సైటు ప్రోజ్ లో బ్లూ బోర్డు అన్న పేజీ ఉంది. ఏజెన్సీలతో మళ్లీ పనిచేస్తారా లేదా అని అనువాదకులు అక్కడ మార్కులు వేస్తారు. పని ఒప్పుకోకముందు చూడు, బిల్లు ఆగిపోయాక కాదు.

కరెన్సీ, గడువు, ఛార్జీలు, ఇవన్నీ పని ఒప్పుకునే మెయిల్లో ఒక్క వాక్యంలో పెట్టెయ్యొచ్చు. నేను రాసేది ఇలా ఉంటుంది: 'బిల్లు యూరోల్లో వేస్తాను, బిల్లు తేదీ నుంచి 30 రోజుల్లో పూర్తి మొత్తం నా ఖాతాకి చేరాలి, పంపే ఛార్జీలు మీవి.' 'చేరాలి' అన్న మాట చూశావా? 'పంపాలి' అని రాస్తే దారిలో కోతలన్నీ నీ నెత్తినే. అలాగే 'నెలాఖరు నుంచి 30 రోజులు' అని వాళ్లు రాస్తే జాగ్రత్త. రెండో తేదీన వేసిన బిల్లుకి దాదాపు రెండు నెలలు ఆగాల్సొస్తుంది.

ఇక నీ ఫారం. వైరు, పేపాల్, పేయోనీర్ అని మూడు గడులున్నాయన్నావు. నీ పనులు ఇప్పుడు వందా నూటయాభై డాలర్లవి కాబట్టి వైరు వద్దు. పేయోనీర్ నీకు తెరవగలిగితే అది నొక్కు. కాకపోతే పేపాల్ పెట్టు. బిల్లులు వెయ్యి దాటిననాడు మార్చమని అడుగు, ఏజెన్సీలకి ఇదేం కొత్త కాదు. అమెరికా వాళ్లు గనక డబ్ల్యూ-8బీఈఎన్ అన్న కాగితం అడిగితే కంగారుపడకు. నువ్వు అమెరికా పన్ను చెల్లించే మనిషివి కాదని చెప్పే ధ్రువీకరణ అది, సంతకం చేసిన ఏడాది తర్వాత మరో మూడేళ్ల చివరిదాకా పనికొస్తుంది. పేరు మాత్రం పాస్‌పోర్టులో, బ్యాంకులో, బిల్లు మీద ఒక్కలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడాతో డబ్బు వెనక్కి పోయిన సందర్భాలు నాకు రెండున్నాయి.

ఖాతా నంబరు చేత్తో కొట్టకు, కాపీ చేసి అతికించు. ఐబాన్ అయితే దేశం గుర్తు పక్కనే రెండు తనిఖీ అంకెలుంటాయి కాబట్టి ఒక అంకె తప్పు పడితే అక్కడికక్కడే దొరికిపోతుంది. మామూలు ఖాతా నంబరుకి అలాంటి కాపలా లేకపోవచ్చు, తప్పు నంబరు కూడా ఎవరిదో ఒకరి నంబరే. మొదటి బిల్లు చిన్నది వేసి, డబ్బు వచ్చాక వాళ్లు పంపిందెంతో, నీకు చేరిందెంతో రెండూ నాకు రాసి పంపు. తేడా ఎక్కడ పోయిందో ఇద్దరం కలిసి వెతుకుదాం.

ఆశీస్సులతో,
పెద్దమ్మ