పద్నాలుగో రోజు చాలదు

చిరంజీవి బుజ్జికి, పర్లాకిమిడి నుంచి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన థీసిస్ ప్రొటోకాల్ రెండుసార్లు చదివాను. కాలేయం నుంచి పేగుకు పైత్యాన్ని చేర్చే పిత్తనాళం తెగితే, దాన్ని కుందేళ్లలో కుట్టి, ఎలా మానుతుందో చూస్తానన్నావు. చూడాల్సిన విషయమే. పొట్ట కోసి గాల్ బ్లాడర్, అంటే పిత్తాశయం, తీసే రోజుల్లో నాళానికి దెబ్బ తగలడం వెయ్యికి ఒకరిద్దరిలో ఉండేది. చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ల్యాపరోస్కోపీ వచ్చిన తొలి ఏళ్లలో అది ముగ్గురు నుంచి ఆరుగురి దాకా పోయింది. దెబ్బ తిన్నవాళ్లకు ఏళ్ల తరబడి అవస్థే.

కానీ పద్నాలుగో రోజున కుందేళ్లన్నింటినీ చంపి చూస్తాననడం నాకు నచ్చలేదు. గైడు గారితో ఎలా చెప్పుకుంటావో నీ ఇష్టం. రెండు వారాలకు తేలేది ఒక్కటే, కుట్టు కారుతోందా లేదా అని. మనకు కావాల్సింది అది కాదు. పైత్యం తగిలినచోట వాపు వస్తుంది, మచ్చ కణాలు చేరి కొల్లాజెన్ అనే గట్టి పీచును పేరుస్తాయి, ఆ మచ్చ మెల్లగా ముడుచుకుంటుంది. నాళం సన్నబడేది అప్పుడు. మనుషుల్లో ఇది కొన్నేళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. కాబట్టి సగం కుందేళ్లనైనా మూడు నెలలు ఉంచు. మూడు రకాల దారాలు పోల్చే ఆలోచన మానేసి ఒక్క ప్రశ్నే పెట్టుకుంటే, అవే కుందేళ్లతో సరిపోతుంది.

ఇక చేతి పని. నాళం స్పష్టంగా కనబడాలని చుట్టూ ఉన్న పొరను ఒలిచేయకు. మనిషి నాళానికి రక్తం ఎలా అందుతుందో నార్తోవర్, టెర్‌బ్లాంచ్ అనే సర్జన్లు 1979లో చూపించారు. గడియారంలో మూడు, తొమ్మిది అంకెలు ఉండే వైపుల సన్నని ధమనులు నిలువునా నడుస్తాయి, అందులో 60 శాతం రక్తం కింది నుంచే ఎక్కుతుంది. నాళం తెగితే పై ముక్క ఎందుకు ఎండుతుందో దీన్నిబట్టే తెలుస్తుంది. రెండు కొసలూ కలిపి కుట్టడం చూడ్డానికి సులువు, తర్వాత బిగుసుకుపోయేదీ అదే ఎక్కువ. మనుషుల్లో కాలేయం దగ్గర, రక్తం బాగా ఉన్నచోట పేగును తెచ్చి కలిపేది అందుకే. కుందేలులో కూడా కాటరీని, అంటే రక్తం ఆపడానికి కాల్చే పరికరాన్ని, నాళం దగ్గరికి రానీకు. అంచును ఫోర్సెప్స్‌తో నలపకుండా, బయటి పొరను మాత్రం పట్టుకో. లోపలి పొర లోపలి పొరకు ఆనాలి, ముడులు బయట పడాలి. సిల్కు దారం వద్దే వద్దు. అది లోపల ఉండిపోయి, దాని చుట్టూ రాయి కడుతుంది. కరిగిపోయే ఒంటి పోగు దారం, అందులో దొరికినంత సన్నది తీసుకో. కొసలను లాగి కలపాల్సి వస్తే అక్కడే ఆగు, లాగి కుట్టింది నిలవదు.

ఎలుకలైతే చవక అని ఎవరో అన్నారన్నావు. ఎలుకకు అసలు పిత్తాశయమే లేదు, నాళం మరీ సన్నం, మైక్రోస్కోపు లేనిదే కుట్టలేవు. పంది మనకు దగ్గరే కానీ నెలల్లో బరువు, నాళం రెండూ పెరిగిపోతాయి. పైగా పెద్ద జంతువులంటే ఫైలు కాలేజీ ఎథిక్స్ కమిటీ దాటి కేంద్రం కమిటీకి వెళ్లాలి. నీకున్న మూడేళ్లలో ఆ టెన్షన్ ఎందుకు? కుందేలే మేలు.

దానికీ దాని తిక్కలున్నాయి. వాంతి చేసుకోలేదు కాబట్టి మనిషిలా రాత్రంతా పస్తు పెట్టనక్కర్లేదు. పెడితే పేగు ఆగి, నీ కుట్టు బాగున్నా కుందేలు చస్తుంది. మూత్రం ఎర్రగా కనబడిందని కంగారుపడకు, మేతను బట్టి అలా మారుతుంది. దాని పైత్యంలో పసుపు రంగు బిలిరుబిన్ కన్నా ఆకుపచ్చ రంగు బిలివర్డినే ఎక్కువ. అందుకని ఒక్క బిలిరుబిన్ పరీక్షతో సరిపెట్టకుండా పైత్యం దారి మూసుకుంటే రక్తంలో పెరిగే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ పరీక్షలు కూడా చేయించు. పొట్ట తెరిచి, నాళాన్ని చూసి, ఏమీ కోయకుండా మూసేసిన గుంపు ఒకటి ఉండాలి. లేకపోతే మచ్చల్లో కుట్టు వల్ల వచ్చిందేదో, పొట్ట తెరవడం వల్ల వచ్చిందేదో చెప్పలేవు. స్లైడ్లు చూసే పాథాలజీ డాక్టరుకు ఏది ఏ గుంపుదో చెప్పకు.

నువ్వు కోసేది ఆరోగ్యమైన నాళం, కత్తెరతో నీటుగా. రాయగడ, గుణుపురం నుంచి బరంపురంలో మీ దగ్గరికి వచ్చే రోగికి నాళం కాటరీతో కాలి, పొట్టలో పైత్యం నిండి, చీము పట్టి ఉంటుంది. ఈ తేడా థీసిస్‌లో నువ్వే ముందు రాసెయ్, పరీక్ష చేసేవాళ్లు అడిగేదాకా ఆగకు.

ఆపరేషన్లు దసరా తర్వాత మొదలుపెట్టి మాఘంలోపు ముగించు. బరంపురం ఎండ, ఉక్క కుందేళ్లు తట్టుకోలేవు. ఠాకురాణి జాతర పడే ఏడాదైతే డప్పులకు బెదిరి మేత మానేస్తాయి, మేత వేసే మనిషి కూడా సెలవు పెడతాడు. అతనితో మంచిగా ఉండు. ఏ కుందేలు తినలేదో నీకన్నా ముందు అతనికే తెలుస్తుంది. అతను ఒడియాలో రాసినా సరే, రోజూ పుస్తకంలో రాయించు.

జంతువులపై ప్రయోగానికి అనుమతి అడిగే ఫారం బి పెట్టే ముందు ఒక కాపీ నాకు పంపు. నొప్పి మందు ఎంత, ఎన్నిసార్లు అన్న గడి మాత్రం ఖాళీ వదలకు, కమిటీ ముందు అదే చూస్తుంది.

పెదనాన్న