సుధకు, సమీక్షలు రాయబోయే ముందు

చి.సౌ. సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఒక మాసపత్రిక వాళ్ళు నీకు పుస్తక సమీక్షల శీర్షిక ఇచ్చారని, నెలకు రెండు పుస్తకాల గురించి రాస్తానని ఒప్పుకున్నావని చెప్పింది. ఫోన్ పెట్టేశాక చాలాసేపు నిద్ర పట్టలేదు. వేసవి సెలవుల్లో నువ్వు మా శాఖా గ్రంథాలయానికి వచ్చి, పేపర్లు చదివే బల్ల కింద దూరి బొమ్మల కథలు చదివేదానివి. 11 గంటలకు తాళం వేయాలి, లేవవే అంటే, ఇంకో రెండు పేజీలు పెద్దమ్మా అనేదానివి. ఆ పిల్ల ఇప్పుడు నలుగురికీ ఏం చదవాలో చెప్పబోతోంది. ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. సంతోషం వెనకే భయం కూడా వచ్చింది. అందుకే పొద్దున్నే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. గడువు తప్పకు. పుస్తకం పేరు, రచయిత పేరు, పుటలు, వెల సరిచూసుకుని రాయి. అనువాదమైతే అనువాదకుల పేరు మర్చిపోకు. కథంతా చెప్పేయకు. చివర్లో 'ప్రతులకు' అని వేసే చిరునామా మాత్రం, జాగా చాల్లేదని పత్రిక వాళ్ళు కోసేస్తామన్నా ఒప్పుకోకు. మన పుస్తకాలు అన్ని ఊళ్ళలోనూ దొరకవు. రచయిత సొంత డబ్బు పెట్టి ఐదొందలో వెయ్యో ప్రతులు వేయించి, ఇంట్లో మంచం కింద పెట్టుకుని, అడిగిన వాళ్ళకు తనే పోస్టులో పంపుతున్న రోజులు ఇంకా పోలేదు. ఒకసారి నేను ఒక కథల పుస్తకం గురించి రాస్తే, నెల తిరిగాక ఆ రచయిత నాకు కార్డు రాశాడు. పందొమ్మిది మనియార్డర్లు వచ్చాయట. అందులో ఒకటి బళ్ళారి నుంచి. ఆ పందొమ్మిది మందీ ఎవరో, ఏ ఇంట్లో కూర్చుని ఆ కథలు చదివారో అని వారం రోజులు అదే ఆలోచన. ఈ పనిలో నాకు దొరికిన సుఖం అది. డబ్బు ఎప్పుడూ పెద్దగా దొరకలేదు. నీకూ దొరకదు. మీ ఆయనకు ముందే చెప్పు.

నెలకు రెండే కదా అనుకుంటున్నావేమో. రాయదగిన రెండు దొరకాలంటే ఆరేడు చదవాలి. నీ పేరు రెండుసార్లు అచ్చులో కనిపించగానే పుస్తకాలు వచ్చి పడతాయి. ఒక్కొక్కరు రెండేసి ప్రతులు పంపుతారు. పుస్తకం ముట్టిన వారానికే ఫోన్లు మొదలవుతాయి. 'అమ్మా, మా పుస్తకం ఎప్పుడొస్తుంది?' అని అడిగే గొంతులో ఉండే ఆశ నిన్ను నిలవనీయదు. రాయలేననుకుంటే ఆ మాట మొదటి ఫోన్‌లోనే చెప్పు. 'చూస్తానండీ' అని ఆరు నెలలు తిప్పడం కంటే అదే దయ. నేను తిప్పాను. ఒకాయన ప్రతి ఉగాదికీ శుభాకాంక్షలతో పాటు పుస్తకం సంగతి గుర్తుచేస్తూ నాలుగేళ్ళు కార్డులు రాశాడు. ఐదో ఏడు కార్డు రాలేదు. ఆ ఏడాది ఉగాది నాడు పోస్టుమ్యాన్ వెళ్ళిపోయాక కూడా గేటు దగ్గరే నిలబడ్డాను.

ఆవిష్కరణ సభలకు పిలుస్తారు. వెళ్ళు, అక్కడ నువ్వు ఎదగడానికి తోడ్పడే మనుషులు పరిచయమవుతారు. కానీ ఏ పుస్తకం సభలో నీకు శాలువా కప్పారో ఆ పుస్తకం గురించి సమీక్ష రాయకు. స్నేహితుల పుస్తకాలకు ముందుమాటలు రాయి, కానీ వాటిని సమీక్షించకు. మన దగ్గర ఒకే మనిషి ముందుమాట రాసి, సభలో మాట్లాడి, మళ్ళీ పత్రికలో సమీక్ష కూడా రాయడం మామూలైపోయింది. పాఠకులు అమాయకులు కారు సుధా, రెండుసార్లు చూస్తే కనిపెడతారు. తర్వాత నువ్వు నిజంగా మెచ్చుకున్న పుస్తకాన్ని కూడా నమ్మరు.

ముందుమాటలంటే గుర్తొచ్చింది. తెలుగు పుస్తకానికి రెండు మూడు ముందుమాటలు ఉంటాయి. వాటిని ఆఖర్న చదువు. ముందు చదివావో, తెలియకుండానే వాళ్ళ మాటలే నీ మాటలైపోతాయి. ముందుమాటలో సగం, వెనక అట్ట మీది నాలుగు ముక్కలు కలిపి, 'అచ్చుతప్పులు లేకుంటే ఇంకా బాగుండేది, ముఖచిత్రం ఆకర్షణీయంగా ఉంది' అని ముగించిన సమీక్షలు లైబ్రరీలో ఎన్ని చూశానో లెక్కలేదు.

ఇంకొకటి. సీమ మాటల్లోనో, తెలంగాణ మాటల్లోనో, ఉత్తరాంధ్ర మాటల్లోనో రాసిన కథ నీ చేతికొస్తే 'యాస వల్ల చదవడం కష్టమైంది' అని రాయొద్దు. ఒకప్పుడు మన సీమ కథల గురించి ఆ మాట ఎంతమంది రాశారో. చదివినప్పుడల్లా మా అమ్మను ఎవరో వెక్కిరించినట్టు ఉండేది. నీకు అర్థం కాని మాటకు అర్థం అడిగి తెలుసుకో, ఆ మాటను నీ వాక్యంలో వాడు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ అమ్మకు కూడా చెప్పని సంగతి.

నా చిన్నతనంలో మా అందరికీ రా.రా. అంటే భక్తి. సాహిత్య విమర్శకులు రాచమల్లు రామచంద్రారెడ్డి గారు మన కడప జిల్లా మనిషి. 1968లో 'సంవేదన' పత్రిక మొదలుపెట్టినప్పుడు మా ఊళ్ళో కూడా ఆ సంచికలు చేతులు మారేవి. ఎంత పేరున్న రచయితనైనా నిలబెట్టి అడిగేవారు, మొహమాటం లేదు. ఆ రాతలు చదివి నేను నేర్చుకున్నది మొహమాటం లేకపోవడం ఒక్కటే. ఒక వాక్యాన్ని తప్పనడానికి ముందు ఆయన ఆ పుస్తకాన్ని ఎంత దగ్గరగా చదివేవారో అది నేర్చుకోలేదు. ఒక పత్రికలో నాకు సమీక్షలు రాసే అవకాశం వచ్చేసరికి, గట్టిగా తప్పు పట్టడమే సమీక్ష అనుకునే దశలో ఉన్నాను.

1987 ఏప్రిల్‌లో ఒక నవల వచ్చింది. ధర్మవరం వైపు నుంచి, ప్రైమరీ స్కూలు టీచరు, మొదటి పుస్తకం. నేతపని వాళ్ళ ఇంటి కథ, 240 పుటలు. మే నెలలో మీ అమ్మ పెళ్ళి. ఇంటినిండా చుట్టాలు, అప్పడాలు, చీరల లెక్కలు. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లో కూర్చుని చదివేదాన్ని. 120 పుటలు శ్రద్ధగానే చదివాను. గడువు దగ్గరపడింది. మిగతాది పేజీలు తిప్పి, చివరి పది పుటలు చదివి సమీక్ష రాసి పోస్టు చేశాను.

ఆ నవలలో రాజమ్మ అని చిన్న కూతురు ఉంటుంది. 60వ పుట దగ్గర పెళ్ళై మైసూరు వైపు వెళ్ళిపోతుంది. తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఆమె ఊసెత్తరు. నేనేం రాశానో ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. 'రాజమ్మను రచయిత్రి అత్తారింటికి పంపి మర్చిపోయారు. కథ అల్లిక తెలియని నేతకారుల నవల ఇది.' అల్లిక, నేత అని పదాలు కలిశాయని రాసినప్పుడు ఎంత మురిసిపోయానో. పత్రికలో చదివి లైబ్రరీకి వచ్చిన ఇద్దరు ముగ్గురు మెచ్చుకున్నారు కూడా.

నెల తర్వాత ఒక పదిహేను పైసల కార్డు వచ్చింది. గుండ్రటి స్కూలు టీచరు అక్షరాలు. 'అమ్మా, నమస్కారం. 187వ పుట చూడగలరు.' కింద సంతకం. అంతే.

చూశాను. 187వ పుటలో రాజమ్మ తిరిగి వస్తుంది. తండ్రి పోయి పదకొండు రోజులైంది. మగ్గం మీద ఆయన సగం నేసిన చీర అలాగే ఉంది. పడుగు దారాలు ఇంకా బిగిసే ఉన్నాయి. రాత్రి అందరూ పడుకున్నాక ఆమె మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. తండ్రి పాదాలకు అరిగిన చోట తన పాదాలు పెడుతుంది. చీర పూర్తిచేస్తుంది. పద్నాలుగు పుటలు, మాటలు దాదాపు లేవు. పొద్దున అన్న లేచి చూసి, 'నువ్వెప్పుడొచ్చినావు?' అంటాడు. అప్పుడు నాకు అర్థమైంది. ఇల్లంతా ఆమెను మర్చిపోయింది కాబట్టి చదివేవాళ్ళు కూడా మర్చిపోవాలని ఆ రచయిత్రి అలా రాసింది. నూట ఇరవై పుటలు ఓపిగ్గా మనల్ని మరిపించింది. ఆ నవల నిలబడింది దేని మీదో దాన్నే నేను లోపమని రాశాను, అదీ చదవకుండా.

అప్పుడైనా పత్రికకు రాసి, నేను పూర్తిగా చదవలేదు, దిద్దుబాటు వేయండి అని అడగొచ్చు. రెండు రోజులు ఆలోచించాను. అడిగితే ఇక పుస్తకాలు పంపరేమో అని భయమేసింది. కార్డు ఆ పుట దగ్గరే పెట్టి పుస్తకం బీరువాలో దాచాను. చదవకపోవడం తప్పు సుధా. కానీ పని ఒత్తిడిలో అయింది, ఎవరైనా క్షమిస్తారు. ఈ రెండోది నేను తెలిసి చేసింది. పెళ్ళి పనుల మీద నెపం పెట్టను. ఈ ఉత్తరం మీ అమ్మ చదివితే తన పెళ్ళి వల్ల అనుకుని బాధపడుతుంది, అందుకని చూపించకు.

1995 నవంబరులో గ్రంథాలయ వారోత్సవాలకు అనంతపురం వెళ్ళాను. మీటింగు అయ్యాక ఒకావిడ నా దగ్గరకు వచ్చి పేరు చెప్పుకుంది. నాకు కాళ్ళు ఆడలేదు. ఆమె కోపంగా లేదు. '187 చూసినారామ్మా?' అని అడిగింది. చూశానన్నాను. 'ఎట్లుంది?' అంది.

ఎనిమిదేళ్ళు ఆ ఒక్క మాట కోసం చూసింది. నన్ను తప్పు పట్టడానికి రాలేదు. తను కష్టపడి రాసిన పుటలు ఒక మనిషి చదివితే ఎలా అనిపించిందో తెలుసుకోవాలని వచ్చింది. మెట్ల మీద కూర్చుని అన్నీ చెప్పాను, కార్డు దాచిన సంగతితో సహా. లైట్లు ఆర్పేదాకా మాట్లాడుకున్నాం. మళ్ళీ ఏమైనా రాశారా అని అడిగితే లేదంది. నా సమీక్ష వల్ల అని ఆమె అనలేదు. కాదనీ అనలేదు. ఇంటికి వచ్చి ఆ నవల మీద నాలుగు పేజీలు రాసి ఆమెకు పంపాను. ఒక చిన్న పత్రిక వేసుకుంది కూడా. కానీ అప్పటికి అమ్మడానికి ప్రతులు లేవు. మిగిలినవాటికి చెదలు పట్టాయని తర్వాత తెలిసింది.

అందుకే చెప్తున్నాను. నీకు ఆఫీసుంది, బాబు చిన్నవాడు, వాడికి జ్వరమొస్తే నీకు పుస్తకం గుర్తుండదు, ఉండకూడదు కూడా. అలాంటి నెలలో ఒక్క పుస్తకం గురించే రాయి. లేదా ఈ నెల కుదరలేదని ఎడిటర్‌కు చెప్పు. వాళ్ళు విసుక్కుంటారు, అంతే. సగం చదివి మాత్రం రాయకు. చదివేటప్పుడు చేతిలో పెన్సిలుండాలి, వెనక ఖాళీ పేజీలో పుట సంఖ్యలు వేసుకుంటూ పో. నీకు లోపం అనిపించిన చోట ఆగి, ఇది కావాలని చేశారా అని ఒక్కసారి అడుగు. అవునో కాదో తెలియాలంటే చివరిదాకా పోవాల్సిందే. బాగాలేని పుస్తకాన్ని బాగాలేదనే రాయి, అందులో భయపడొద్దు. ఎందుకు బాగాలేదో పుట సంఖ్యతో సహా చూపించు. చమత్కారంగా వచ్చిన వాక్యం ఏదైనా ఉంటే, దాన్ని ఒక రాత్రి పక్కన పెట్టి పొద్దున చూడు. ఆ మనిషి ఎదురుగా కూర్చుంటే అదే మాట అనగలవా అని చూసుకో.

అన్నిటికంటే నా భయం ఇంకొకటి. రాయడం కోసం చదువుతూ చదువుతూ, ఊరికే చదవడం మర్చిపోతావేమోనని. నాకు మధ్యలో మూడేళ్ళు అలా అయింది. ఏ పుస్తకం తెరిచినా మొదటి పుటలోనే సమీక్ష మొదటి వాక్యం తయారయ్యేది. ఎవరి కోసమూ సమీక్ష రాయనవసరం లేని పుస్తకం ఒకటి ఎప్పుడూ నీ దిండు పక్కన ఉండనీ. బల్ల కింద చదివావు చూడు, అలా.

ఆ నవల నీకు పంపుతున్నాను. మీ మామయ్య వచ్చే వారం హైదరాబాదు వస్తున్నాడు, తెస్తాడు. అట్ట ఊడిపోయింది, పేజీలు తిప్పేటప్పుడు జాగ్రత్త. 187వ పుట దగ్గర కార్డు ఉంటుంది, దాన్ని అక్కడే ఉంచు. దీని గురించి రాయమని అడగట్లేదు.

కళ్ళు ఒకసారి చూపించుకో, రాత్రిళ్ళు ఫోన్ వెలుగులో చదువుతున్నావని మీ అమ్మ చెప్పింది. మొదటి నెలకు ఏ పుస్తకాలు తీసుకున్నావో ఫోన్ చేసి చెప్పు. పేర్లు చెప్తే చాలు, నేను కూడా తెప్పించుకుని నీ సమీక్ష వచ్చేలోపు చదివి ఉంచుతాను.

నీ పెద్దమ్మ
ప్రొద్దుటూరు